కరువుముక్కు

కెంపుగుట్టలో ఇద్దరు ఎదురుపడితే "భోంచేశారా?" అని అడగరు. "గాలాడుతోందా?" అని అడుగుతారు. అంగారకుడి మీద తిండికి లోటు లేదు. అద్దాల పందిళ్ల కింద జొన్న ఏడాది పొడుగునా పండుతుంది, ఆకుకూరలు కోసేకొద్దీ వస్తాయి. గాలి మాత్రం మరల్లో తయారై, గొట్టాల్లో పారి, తలుపు తలుపు దగ్గరా కొలతకు లోబడి లోపలికి రావాలి. అందుకని ఊరంతటికీ హిమాలయాల మీది పల్లెల్లో ఉండేంత పల్చటి గాలితోనే సరిపెట్టారు. భూమి నుంచి కొత్తగా దిగినవాళ్లు నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోతారు. ఇక్కడే పుట్టిన పిల్లలు వాళ్లను చూసి కిసుక్కున నవ్వి పైకి పరుగెడతారు.

ఇరవై రెండో శతాబ్దం అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టింది. ఎప్పుడో చల్లారిపోయిన లావా తవ్వి వదిలేసిన సొరంగాల్లో ఆ ఊరు ఉంది. మనుషులు ఉండే సొరంగం, పైరు సొరంగం, మరల సొరంగం, అన్నిటికన్నా చివర మేకల సొరంగం. ఊళ్లో ఎవరికి దిగులు పుట్టినా కాళ్లు ఆ చివరికే పోయేవి. వేల మైళ్ల మేర రాళ్లూ ధూళీ తప్ప మరేమీ లేని చోట ఒక మేకపిల్ల అరుపు వింటే కళ్లు చెమర్చని మనిషి లేడు.

ఆ మంద అక్కడ ఉండటం వెనక పెద్ద కథే ఉంది. పిండాలను గడ్డకట్టించి తెచ్చి, యంత్రగర్భాల్లో పెంచారు. పిల్లలు చక్కగా పుట్టాయి. వాటికి యంత్రాలు వేళకు పాలు పట్టాయి, వెచ్చగా ఉంచాయి, బరువు తూచాయి. అయినా పుట్టినవి పుట్టినట్టే నీరసించి చచ్చిపోయాయి. చివరికి పాలమూరు వైపు నుంచి బీరప్ప అనే మేకలకాపరిని ఓడ ఎక్కించి తెచ్చారు. అతను వచ్చి యంత్రాలను పక్కకు నెట్టి, మిగిలిన పిల్లల మధ్య గొంగడి పరుచుకుని పడుకున్నాడు. వాటిని ఒళ్లో వేసుకుని వేలు చీకించాడు. అవి బతికాయి. ఇప్పుడు మందలో నలభై దాకా ఉన్నాయి, ఆ గ్రహం మొత్తానికి ఉన్న పశుసంపద అదే.

అంత ముచ్చటైన మందకు జబ్బు వచ్చింది. ఆ జబ్బును పట్టుకోవలసిన పని డాక్టర్ వకుళ మీద పడింది.

వకుళ సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదుపుతూ ఉంటుంది. ప్రయోగశాలలోనే తింటుంది, అక్కడే ఒక మూల కునుకు తీస్తుంది. ఆమెకు తోడు ఆనవాలు. అది మనిషి కాదు, యంత్రం. ఒక చుక్క నెత్తురిస్తే అందులోని తెల్లకణాలను విడదీసి, వాటి లోపల దాక్కున్న క్రిమిలో ఏ జన్యువు మేలుకుని ఉందో, ఏది నిద్రపోతోందో చదివి చెబుతుంది. దానితో మాట్లాడినంత హాయిగా ఆమె ఇంకెవరితోనూ మాట్లాడలేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు.

మేకల నుంచి మనుషులకూ పాకిన ఆ జబ్బును ఊళ్లో అలల జ్వరం అన్నారు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతుంది, తెల్లారేసరికి చెమటలు పోసి దిగిపోతుంది, హమ్మయ్య పోయిందనుకున్నాక మళ్లీ తిరిగొస్తుంది. కీళ్లు పట్టేస్తాయి, మనిషి నెలల తరబడి నలిగిపోతాడు. మేకల్లోనైతే చూలు నిలవదు. దానికి కారణం బ్రూసెల్లా అనే బాక్టీరియా. ఎవరి ఎముకల మూలుగలో నక్కి అంత దూరం వచ్చిందో తేలలేదు, తేల్చమని వకుళ పట్టుబట్టలేదు కూడా.

ఈ బ్రూసెల్లాను చూస్తే వకుళకు ఒళ్లు మండేది, మరుక్షణం మెచ్చుకోకుండా ఉండలేకపోయేది. దాని తీరే అంత. ఒంట్లో క్రిములను మింగి అరిగించుకునే కణాలుంటాయి, వాటిని మాక్రోఫేజ్‌లంటారు. మిగతా క్రిములు వాటికి దొరక్కుండా పారిపోతాయి. ఇది తనంతట తానే వెళ్లి వాటి నోట్లో పడుతుంది. లోపలికి పోయాక మాత్రం అరగదు. ఆ కణంలోనే చిన్న గది కట్టుకుని, పిల్లాపాపలతో కాపురం పెడుతుంది. పోలీసు స్టేషన్‌లోనే కాపురం పెట్టిన దొంగను ఎవరు వెతుకుతారు?

ఆ గదిలో ఒకటే ఇబ్బంది, గాలి తక్కువ. దానికీ క్రిమి దగ్గర ఉపాయముంది. ఆక్సిజన్‌ను అందుకోవడానికి దానికి రెండు రకాల ద్వారాలున్నాయి. శాస్త్రవేత్తలు వాటిని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌లంటారు. వకుళ తన సౌకర్యం కోసం కలిమిముక్కు, కరువుముక్కు అని పేర్లు పెట్టుకుంది. గాలి పుష్కలంగా ఉన్నప్పుడు క్రిమి కలిమిముక్కుతో పీలుస్తుంది. గాలి కరువైనప్పుడు కరువుముక్కు తెరుస్తుంది, అది ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ చివరి బొట్టుదాకా లాగేస్తుంది. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. కరువుముక్కును తయారుచేసే జన్యువులకూ, ఆతిథ్యమిచ్చిన కణాన్ని లోబరచుకునే ఆయుధాల జన్యువులకూ మేస్త్రీ ఒక్కడే. ఊపిరి కరువైందని కబురందగానే ఆ మేస్త్రీ రెండు పనులూ ఒకేసారి మొదలుపెడతాడు. క్రిమి ఉగ్రతంతా అక్కడే పుడుతుంది.

ఇది తెలిశాక దశాబ్దాల పాటు పరిశోధకులందరూ ఒకటే ఆలోచించారు. కరువుముక్కును మూసేస్తే పీడా పోతుంది కదా అని మందుల మీద మందులు కనిపెట్టారు. ముక్కు మూసుకుపోయిన క్రిమి చావలేదు. ఊపిరి బిగబట్టి నిద్రలోకి జారుకుంది. మందు ఆపగానే లేచి మునుపటికన్నా కక్షగా పనిచేసింది.

వకుళ దగ్గర ఒక గాజుకుప్పె ఉండేది. అందులో బ్రూసెల్లా మంచి గాలిలో, మంచి తిండితో ఏళ్ల తరబడి పెరిగి మెత్తబడిపోయింది. మాక్రోఫేజ్‌లో వేస్తే మామూలు క్రిమిలా అరిగిపోయేది. ఇలాంటి వాటిని ఎక్కడైనా చెడిపోయిన వంగడమని పారేస్తారు. ఆమె పారేయలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"ఆనవాలూ, ఇది చెడిపోలేదు. తెరిపిన పడింది," అంది.

"తెరిపిన పడటం అంటే ఏమిటో వివరిస్తారా?" అంది యంత్రం.

"దీనికి కొట్లాడాల్సిన అవసరం రాలేదు. అంతే."

ఆ మాట నుంచి పుట్టిందే ఊపిరిగింజ. కంటికి ఆనని కొవ్వుగింజ, దాని కడుపులో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్. అన్నంతో కలిపి తింటే పేగుల్లోంచి జారి మాక్రోఫేజ్‌ల దగ్గరకు చేరుతుంది. అవి అలవాటు కొద్దీ దాన్ని మింగుతాయి. లోపలికి పోయాక గింజ మెల్లగా కరుగుతూ ఆక్సిజన్ వదులుతుంది. చీకటిగదిలోని క్రిమికి ఉన్నట్టుండి ఆరుబయట నిలబడినట్టు ఉంటుంది. కరువుముక్కు మూసుకుంటుంది, మేస్త్రీ పని ఆపేస్తాడు, ఆయుధాలు తయారు కావు. అప్పుడు కణం తన పని తాను చేసుకుపోతుంది, క్రిమిని అరిగించేస్తుంది. శత్రువుకు ఊపిరి పోసి గెలవడమన్నది అంతకుముందు ఎవరికీ తట్టలేదు. ఆమెను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

జబ్బుపడ్డ పద్దెనిమిది మందికి ఊపిరిగింజ ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం ఒక పొట్లం, అన్నంలో కలుపుకుని తినాలి. కొద్ది వారాలకే పదిహేడు మందిలో జ్వరం తగ్గి, నెత్తురు శుభ్రపడింది. ఒక్కరిలో మాత్రం తగ్గలేదు. ఆ ఒక్కడు బీరప్ప.

ఊరి ఆరోగ్యాధికారి దయానందం ఆ ఫలితం చూసి చాలాసేపు తల పట్టుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి, గుంటూరు వైపు వాడు. మొదటి బృందంతో వచ్చి, ఏదో పేరు తెలియని జబ్బుకు తన కళ్ల ముందే తోటివాళ్లు పోవడం చూసినవాడు. అప్పటి నుంచి జబ్బు విషయంలో మొహమాటపడటం మానేశాడు.

"వకుళ గారూ, నేను ముందే చెప్పాను కదండీ," అన్నాడు. "మందు అందరికీ పనిచేస్తే మంద ఉంటుంది. ఒక్కరిలో తగ్గకపోయినా జబ్బు మూలాన్ని తీసెయ్యాలి. ఊరి సభ తీర్మానం అది. మూసిన డబ్బాలో బతుకుతున్నాం మనం. మేకల్లో జబ్బు ఉంచుకుని, మందు పనిచేస్తుందో లేదోనని చూస్తూ కూర్చోలేం."

"నాకు కొంచెం వ్యవధి ఇవ్వండి."

"ఇస్తానమ్మా. కానీ ఎక్కువ ఇవ్వలేను. ఆ మంద పోతే నాకు మాత్రం సంతోషమా? మా మనవరాలు ఆ మేకపిల్లల దగ్గరికెళ్లనిదే అన్నం ముట్టదు."

మంద పోతుందంటే బీరప్ప పోయినట్టేనని వకుళకు తెలుసు. అతనికి భూమ్మీద ఎవరూ లేరు. తన మందు అతనొక్కడి ఒంట్లోనే ఎందుకు ఓడిపోతోందో పట్టుకోవాలి, లేదంటే నలభై ప్రాణాలు తన చేతకానితనానికి బలైపోతాయి. ఆ ఆలోచన ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

"క్రిమికి ఆక్సిజన్ అందుతోంది," అంది ఆనవాలు, బీరప్ప నెత్తురు చదివి. "కానీ చాలినంత అందడం లేదు. కరువుముక్కు సగం మూసుకుని మళ్లీ తెరుచుకుంటోంది."

"మేకల సొరంగంలో గాలి ఇంకా పల్చన. అతను ఎప్పుడూ అక్కడే ఉంటాడు. అదే కారణమా?"

"కావచ్చు."

బీరప్పను ఊళ్లోకి మార్చారు. అయినా పగలంతా వెళ్లి మేకల దగ్గరే ఉండేవాడు. మార్పేమీ కనబడలేదు. క్రిమికి ఆక్సిజన్ లేకపోతే నైట్రేట్‌తో కూడా ఊపిరి తీసుకునే మూడో దారి ఉంది, అది తెరుచుకుందేమోనని వెతికారు. అదీ కాదు. జన్యువులేమైనా మారిపోయాయా అని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదివారు. మిగతా పదిహేడు మందిలో ఉన్నదీ ఇదీ అచ్చంగా ఒకటే. చివరికి మందు రెట్టింపు చేశారు. నాలుగు రోజులు కాస్త నయం కనిపించి, మళ్లీ మొదటికొచ్చింది.

"ఇంత తెలివైన క్రిమిని నేను చూడలేదు," అంది వకుళ నీరసంగా.

"క్రిమి మారలేదని నా పరిశీలన," అంది ఆనవాలు. "వైఫల్యానికి కారణం నాకు తెలియదు."

వ్యవధి అయిపోయింది. మందను తీసేసే ముందు ప్రతి మేక నెత్తురూ పరీక్షించాలని నియమం. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వడం వకుళకు ఇష్టం లేకపోయింది. ఆనవాలు పెట్టెను చంకన పెట్టుకుని తానే మేకల సొరంగానికి వెళ్లింది.

బీరప్ప ఒక్కొక్క మేకనూ పట్టి నిలబెట్టాడు. ఒళ్లు సలుపుతున్నా పైకి కనపడనివ్వడం లేదు. ప్రతిదాని చెవిలో ఏదో గొణుగుతున్నాడు. వకుళ తల వంచుకుని నెత్తురు తీస్తోంది. ఒక మేక గింజుకోవడంతో సూది ఆమె వేలిలోనే గుచ్చుకుంది. వేలు తుడుచుకుని పనిలో పడిపోయింది.

"కరువుముక్కు పూర్తిగా తెరిచి ఉంది," అని చెబుతూ పోతోంది యంత్రం. "ఇందులోనూ తెరిచి ఉంది. ఇందులోనూ."

చివరగా సుక్కి వచ్చింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పెద్ద మేక, మందకంతటికీ ముందు నడిచేది. యంత్రం దాని నెత్తురును మళ్లీ మళ్లీ చదివింది.

"వకుళ గారూ, ఇందులో క్రిమి లేదు."

"సరిగా చూడు."

"మూడుసార్లు చూశాను. ఒకప్పుడు ఉన్న జాడలున్నాయి. కరువుముక్కు మూసుకుపోయి, క్రిమి కణాల్లోనే అరిగిపోయింది. ఇంకొక విషయం. మైసి అనే చూడి మేకలో కూడా సగం మూసుకుని ఉంది. అప్పుడు పొరపాటేమోనని మీకు చెప్పలేదు."

మేకలకు ఎవరూ మందు ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరూ అనుకోలేదు. వకుళ సుక్కి వైపు చూసింది, బీరప్ప వైపు చూసింది. బీరప్ప గొంగడి అంచు సర్దుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు.

"బాబాయ్," అంది మెల్లగా. "దీనికి మందు పెట్టావా?"

బీరప్ప సుక్కిని దగ్గరకు లాక్కున్నాడు.

"నేనేమీ అనను. చెప్పు."

"నువ్వే జెప్తివి గద బిడ్డా, జొన్నగట్కల కలుపుకొని తినుమని," అన్నాడు చివరికి. "మందల పెద్దదానికి మొదటి ముద్ద వెట్టినంకనే మేం తింటం. మా అయ్య గట్లనే తిన్నడు, మా తాత గట్లనే తిన్నడు. దాని మూతి సూస్తా సూస్తా నేనొక్కన్నే ఎట్ల దినాలె? మొదట్ల మందు సంగతి నాకు యాదికే రాలే. కలుపుడు, దానికింత వెట్టుడు, నేనింత దినుడు. గంతే."

"తర్వాత?"

"తర్వాత దాని బొచ్చు నిగనిగ మెరువవట్టె. కండ్లల్ల జీవమొచ్చె. అప్పుడు సమజైంది. ఇగ సగం దానికే వెట్టిన. నువ్వు మందు రెండింతలు జేస్తివి, పాపం మైసి చూడిది గదా అని దానిక్కూడ వెట్టిన."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేను తల బద్దలు కొట్టుకుంటున్నా కదా!"

"జెప్తే మందు బంద్ వెడ్తరేమోనని బయమైంది బిడ్డా. వీటిని జంపుతరని అప్పటికే అందరు అనుకుంటున్నరు. నాదేముంది, జరమే గదా. వొస్తది, పోతది."

వకుళకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేక మెడ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. జన్యువుల్లో అక్షరం అక్షరం వెతికింది, ఊరి గాలిని అనుమానించింది, క్రిమి తెలివికి దండం పెట్టింది. ఒక మనిషి తన కంచంలోంచి తీసి పెడతాడని మాత్రం ఊహించలేకపోయింది.

"రోగి తన మోతాదు తానే తింటాడని నేను అనుకున్నాను," అంది ఆనవాలు. "ఈ అవకాశం నా లెక్కలోకి రాలేదు."

ఆమె తిన్నగా దయానందం దగ్గరకు వెళ్లి అంతా చెప్పింది. మందు ఓడిపోలేదని, మేకల్లో కూడా గెలిచిందని ఒకటికి రెండుసార్లు చెప్పింది. దయానందం వింటూ ముందు కోపగించుకున్నాడు, ఆ తర్వాత మెత్తబడ్డాడు, మళ్లీ బిగుసుకున్నాడు.

"బాగానే ఉందండీ. కానీ అతనికి తగ్గాలి కదా? తగ్గితేనే సభ ఒప్పుకుంటుంది. ఓ పని చేద్దాం. ఆయన్ని ఆసుపత్రి గదిలో పెట్టి తలుపేసి, ఎదురుగా కూర్చుని పొట్లం మొత్తం తినిపిద్దాం."

"మూడు పొట్లాలు ఇవ్వడం ఇంకో మార్గం," అంది ఆనవాలు. "రెండు మేకలకు పంచినా మిగిలినది అతనికి దాదాపు చాలుతుంది."

"మూడు ఇస్తే ఇంకో మేకకు కూడా పెడతాడు," అంది వకుళ.

దయానందం మాటే నెగ్గింది. బీరప్పను గదిలో ఉంచారు. కంచంలో వేడి గట్క, మజ్జిగ, పక్కన పొట్లం. అతను అలిగిందీ లేదు, మొండికేసిందీ లేదు. బుద్ధిగా కంచం ముందు కూర్చుని ముద్ద చేసి, నోటి దాకా తెచ్చి, మళ్లీ కంచంలో పెట్టేసేవాడు. మర్నాడూ అంతే. జ్వరం పెరిగింది. ఆనవాలు చెబుతున్న అంకెలు వినలేక వకుళ చెవులు మూసుకుంది.

"తిను బాబాయ్. నీకోసం కాకపోయినా వాటి కోసం తిను. నీకు తగ్గితేనే అవి బతుకుతాయి."

"తిందామనే సూస్తున్న బిడ్డా. ముద్ద గొంతు దిగుతలేదు. అవి తిన్నయో లేదో, నేనేం జేతు?"

మూసిన గది, తలుపు బయట కాపలా, లోపల రోజురోజుకూ ముదురుతున్న జ్వరం. వకుళకు అప్పుడు తన మీద తనకే సిగ్గేసింది. ఇలాంటి గదిలో పెట్టి ఊపిరి బిగిస్తే ఏమవుతుందో ఆ గ్రహం మీద అందరికన్నా బాగా తెలిసిన మనిషి తాను. ఒక క్రిమి విషయంలో తెలిసినంత బాగా ఒక మనిషి విషయంలో తెలుసుకోలేకపోయింది. లేచి వెళ్లి తలుపు బార్లా తెరిచింది.

"పద బాబాయ్, మంద దగ్గరికి పోదాం."

ప్రయోగశాలలో ఊపిరిగింజల నిల్వ ఉంది. ముందుముందు జబ్బుపడేవాళ్ల కోసం దాచింది. దాన్నంతా బయటికి తీయిస్తుంటే దయానందం పరుగున వచ్చాడు.

"ఏవిటండీ ఇది! ఉన్నదంతా మేకలకు పోసేస్తే, రేపు మనుషులకు జబ్బు చేస్తే ఏం పెడతారు?"

"మేకల్లో జబ్బు లేకపోతే రేపు మనుషులకు ఎక్కణ్నుంచి వస్తుందండీ?"

"పనిచేయకపోతే?"

"అప్పుడు నన్ను కూడా మందతో పాటే తీసేయండి."

దయానందం ఆయాసపడుతూ ఆమె వంక చూశాడు. ఆ పల్చటి గాలిలో పరిగెత్తడం ఆ వయసుకు మంచిది కాదు. కాసేపటికి, "తొట్టెలు ఎన్ని కావాలి?" అని అడిగాడు.

ఊరు ఊరంతా ఆ చివరి సొరంగానికి వచ్చింది. జొన్నపిండిలో మందు కలిపి ఉండలు చేశారు. బీరప్ప తన చేత్తోనే ఒక్కొక్కదానికీ తినిపించాడు, ముందు సుక్కికి, ఆ తర్వాత మైసికి, ఆ తర్వాత మిగతావాటికి. కొవ్వు పొర మేకల నెమరుపొట్టలో నిలుస్తుందా లేదా అని వకుళ గోళ్లు కొరుక్కుంటోంది. సుక్కిలో నిలిచింది కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకుంటోంది. చివరి మేకకు కూడా పెట్టాక బీరప్ప చేతులు కడుక్కుని, గొంగడి మీద చతికిలబడి, "ఇగ నాకు దెండి," అన్నాడు. మందు కలిపిన గట్క మొత్తం, గిన్నె అడుగు కూడా నాకి తిన్నాడు. వకుళ అంత ఆనందంగా ఏ ప్రయోగ ఫలితాన్నీ చూడలేదు.

రోజూ అలాగే జరిగింది. ముందు మంద, ఆ తర్వాత బీరప్ప. ఒక్కొక్క మేకలో కరువుముక్కు మూసుకుంటూ వచ్చింది. మైసి నెలలు నిండి రెండు పిల్లల్ని ఈనింది. మేకలన్నీ శుభ్రపడ్డాక చివరగా బీరప్ప నెత్తురు చదివి, "క్రిమి లేదు," అంది ఆనవాలు. సభ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. దయానందం మనవరాలు ఆ రోజంతా మేకపిల్లల మధ్యే ఉండిపోయింది, ఎవరు పిలిచినా రాలేదు.

ఊపిరిగింజ గురించి భూమికి వివరాలు పంపవలసి వచ్చింది. మందు తయారీ, మోతాదు, జాగ్రత్తలు అన్నీ ఆనవాలు రాసింది. దయానందం సంతకం పెట్టబోతూ వాడే విధానం దగ్గర ఆగి, కళ్లజోడు సరిచేసుకున్నాడు. అక్కడ మొదటి వాక్యం ఇలా ఉంది: మందు ఇచ్చే ముందు, రోగి ఎవరికి పెట్టి తింటాడో అడిగి తెలుసుకోండి. వాళ్లకు అవసరమైతే ముందు వాళ్లకే ఇవ్వండి.

"ఇదేం శాస్త్రమయ్యా?" అన్నాడు యంత్రంతో.

"ఈ మందు విఫలమైన సందర్భం ఇప్పటివరకూ ఒక్కటే," అంది ఆనవాలు. "దానికి కారణం అదే. రాయకపోతే సమాచారం దాచినట్టవుతుంది."

దయానందం వకుళ వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. అతను ఇంకేమీ మాట్లాడకుండా సంతకం పెట్టేసి, మనవరాలికి అన్నం పెట్టే వేళయిందంటూ వెళ్లిపోయాడు.

ప్రయోగశాలలో వకుళ, యంత్రం మిగిలారు.

"వకుళ గారూ," అంది ఆనవాలు. "నెత్తురు తీసిన రోజున మీ వేలికి సూది గుచ్చుకుంది. ఇవాళ్టి పరీక్షలో మీ కణాల్లో కొద్దిగా క్రిమి కనిపించింది. కంగారు పడాల్సింది లేదు. ఈ పూట నుంచే మందు మొదలుపెట్టాలి."

"సరే, పొట్లం ఇటివ్వు. అన్నంలో కలుపుకుంటా," అంది ఆమె, తన టిఫిన్ క్యారియర్ దగ్గరకు లాక్కుంటూ.

"ముందు ఒకటి అడగాలి. వాడే విధానంలో ఉంది కదా. మీరు ఎవరికి పెట్టి తింటారు?"

వకుళ నవ్వేసింది. జవాబు చెబుదామని నోరు తెరిచింది. ఒక పేరు కోసం వెతికింది. ఎన్నో ఏళ్లుగా ఈ బల్ల దగ్గరే, ఈ కుర్చీలోనే, కుప్పెల వంక చూస్తూ ఒక్కతే తింటోంది. యంత్రం ఓపిగ్గా ఎదురుచూస్తోంది. అది ఎంతసేపైనా అలా ఎదురుచూడగలదు.

"రాసుకోవడానికి జవాబు కావాలి," అంది కాసేపటికి.

"కాసేపాగి చెబుతాను," అంది వకుళ. కళ్లు తుడుచుకుని, పొట్లం కొంగున ముడేసుకుని, విప్పని క్యారియర్ చేత పట్టుకుని, భోజనాల వేళకు బీరప్ప దగ్గరకు చేరుకోవాలని గబగబా నడిచింది.